లంబసింగి ఘాట్‌లో నా మీద పడ్డ నింద

నేను ఒక హీటరును. స్నానానికి నీళ్ళు కాచే రకాన్ని కాను. బ్యాటరీతో నడిచే ఒక లారీలో, పక్క సీటు కింద, చెప్పుల పెట్టెంత చోటులో కాపురం. చలికాలంలో క్యాబిన్‌ను వెచ్చగా ఉంచడం నా ఉద్యోగం. లారీకి సొంత హీటరు లేకపోలేదు. కానీ అది బ్యాటరీని తినేస్తుంది. దాన్ని నమ్ముకుంటే బండి సగం ఘాట్‌లోనే చతికిలబడుతుంది. అందుకని నన్ను అదనంగా పెట్టారు. నేను రోజుకి గ్లాసెడు డీజిలు తాగి బతుకుతాను. పొగ రాని బండిలో పొగ వదిలేది నేనొక్కదాన్నే. శాకాహారుల పంక్తిలో చేపల పులుసు వడ్డించుకు కూర్చున్నట్టు మొదట్లో చాలా సిగ్గుపడ్డాను.

మా వంశం మంచు దేశాల లారీల కోసం పుట్టింది. నన్ను మాత్రం చెన్నై శివార్లలో, మే నెలలో తయారుచేశారు. వెలుగుతున్నానో లేదో చూడాల్సిన మనిషి చెమటకు తడిసిన బనీను పిండుకుంటూ నన్నూ, నన్ను కనిపెట్టినవాడినీ కలిపి తిట్టాడు. తర్వాత ఒక కొట్టు అటక మీద రెండు వేసవులు పడుకున్నాను. చివరికి విశాఖపట్నం షావుకారు ఒకాయన కొని తన లారీలో బిగించాడు. అది పొద్దున్నే కిరాణా సరుకుతో నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి, స్ట్రాబెర్రీలతో దిగుతుంది.

డ్రైవరు పేరు పైడిరాజు. మొదటి రోజు నేను వెలగగానే కాస్త పొగ వచ్చింది. బండి అంటుకుందనుకుని దూకి పరిగెత్తాడు. యాభై అడుగులు పోయాక అన్నం క్యారియర్ గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. వారం తిరిగేసరికి మంకీ క్యాప్ మడిచి దాచేసి, నా వేడిలో కూనిరాగాలు తీయడం మొదలుపెట్టాడు. నాకు ఆ మనిషి నచ్చాడు.

చిక్కంతా మిరపకాయ బజ్జీలతో వచ్చింది. డాక్టరు వద్దన్నాడని, భార్య వరహాలు ముందు దేవుడి పటం మీద చెయ్యేసి మానేస్తానని ఒట్టేశాడు. ఘాట్ మూడో మలుపులో కొండబాబు బజ్జీల బండి ఉంది. రోజుకి పది. నెలకల్లా నోరంతా పొక్కింది.

ఒకరోజు ఫోనులో వరహాలు నోరెందుకు పొక్కిందని నిలదీసింది.

“ఆ హీటరే! కిందనుంచి ఊదేస్తంటే ఒళ్ళంతా వేడి సేసీసినాది,” అన్నాడు పైడిరాజు, బజ్జీ నములుతూనే.

“మరి సెప్పవేటి? బండిలో కొలిమెట్టుకుని కూకుంటే నోరు పొక్కదేటి?”

నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని. అక్కడినుంచి వైద్యం మొదలైంది. మాడుకి ఆముదం, పొద్దున్నే సబ్జా నీళ్ళు, దారిలో చల్ల. ఆ చలిలో అవన్నీ పడి జలుబు చేసేది. జలుబుకి నన్ను వెలిగించేవాడు. నోరు మండితే ఆర్పేసేవాడు. చివరికి వరహాలు తీర్పు చెప్పింది. శనివారం మెకానిక్ చేత నన్ను పీకించి పాతసామాన్ల కొట్లో పడేయాలట. పైడిరాజు “సరే” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే డీజిలు కారుతుంది, అదో కొత్త నేరమవుతుందని ఆపుకున్నాను.

శుక్రవారం వరహాలు కూడా లారీ ఎక్కింది, చింతపల్లిలో చెల్లెల్ని చూడ్డానికి. నన్ను వెలిగించకూడదని ఆవిడే ఆర్డరు వేసింది. రెండో మలుపు దాటేసరికి ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి. చలిగా ఉందని మాత్రం అనదు. అతను లారీ హీటరు వేసి, బ్యాటరీ అంకె జారిపోవడం చూసి గుండె జారి ఆపేశాడు.

మూడో మలుపు దగ్గర తల తిప్పుకుని ముందుకు పోబోయాడు. ఆ ఎత్తులో లారీది మనిషి నడకే. కొండబాబు పొట్లం పట్టుకుని పక్కనే పరిగెత్తుకొచ్చాడు.

“ఏటి పైడన్నా, ఆగకుండా ఎలిపోతన్నావు? నీ పది బజ్జీలూ కట్టీసి ఉంచేను!”

వరహాలు కిటికీ దించి పొట్లం అందుకుంది.

“రోజూ పదా?”

“ఒక్కోనాడు ఎనిమిదే,” అన్నాడు పైడిరాజు, స్టీరింగు చూస్తూ.

“ముందు ఆ కొలిమి ఎలిగించు. నీ సంగతి తరవాత సూస్తాను.”

నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ వెలగలేదు. పొగ కూడా కాస్త ఎక్కువే వదిలాను. ఆవిడ కాళ్ళు నా దగ్గరికి చాపుకుని, అతనికి పెరుగన్నం డబ్బా ఇచ్చి, బజ్జీ కొరుక్కుంటూ మెకానిక్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

అప్పటినుంచి మొగుడికి కాపలాగా వరహాలు రోజూ వస్తోంది. కొండబాబు అలవాటు కొద్దీ పొట్లం కడుతూనే ఉన్నాడు. తిండి పారేస్తే పాపమని ఆవిడే తినేస్తోంది.

నిన్న ఆవిడ నోరు పొక్కింది.

“సెల్లెలు పెట్టిన నువ్వుండలు తిన్నాను గదా, వేడి సేసీసినాది,” అంది.

పైడిరాజు పెరుగన్నం కలుపుకున్నాడు. నాకు మాత్రం ఆ నువ్వుల మీద జాలేసింది.