కెమెరా అటు తిరిగి ఉంది

టైల్సూ కుళాయిలూ అమ్మే ఆ దుకాణంలో ఇత్తడి కుళాయిలు కనిపించకుండా పోవడం మొదలయ్యాకే యజమానికి కెమెరా ఆలోచన వచ్చింది. దుకాణమంటే ఒకటే పొడుగాటి హాలు. ముందు రోడ్డువైపు కౌంటరు, వెనక గోడల పొడవునా టైల్స్ పెట్టెల దొంతరలు. కౌంటర్లో కూర్చునేది అతని బావమరిది. సరుకు దించి సర్దేది పొడుగన్న అని అందరూ పిలిచే హమాలీ.

కెమెరాలు బిగించే అతను వచ్చి హాలంతా కలయతిరిగి చూశాడు.

"ఫిక్స్‌డ్ కెమెరాలు నాలుగు పెట్టుకోండి సార్. ఎక్కడివక్కడ కదలకుండా చూస్తుంటాయి. తిరిగే కెమెరా ఒకటే పెడితే, అది అటు చూస్తున్నంతసేపూ ఇటు ఏం జరిగినా దానికి తెలీదు."

"ఫోన్లోంచి నేనే తిప్పుకోవచ్చుగా?"

"తిప్పుకోవచ్చు. దగ్గరికి లాగి కూడా చూడొచ్చు. కానీ..."

"అదే పెట్టు."

యజమానికి చూడాల్సింది దుకాణం కాదు, బావమరిది చేతులు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తాను పట్టుకుంటాననుకున్నాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. పనివాళ్లతో మాత్రం, "ఇక మీకే భయమూ లేదు, ఏం జరిగినా నేను చూస్తుంటాను" అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళితే కంచం పక్కనే ఫోను. బావమరిది బిల్లులు రాసేవాడు, మెడ గోక్కునేవాడు, వచ్చినవాళ్లతో నవ్వుతూ మాట్లాడేవాడు. తప్పేమీ దొరకలేదు. దొరక్కపోతే అనుమానం తగ్గాలి కదా, అతనికి ఇంకా పెరిగింది. 'వీడు మహా గుంభన మనిషి' అనుకున్నాడు.

ఒకరోజు బావమరిది ఉన్నట్టుండి తలెత్తి వెనక్కి చూశాడు. కుర్చీ తోసేసి, ఒక్క ఉదుటున ఫోను తెరలోంచి మాయమయ్యాడు.

"దొరికావురా!" అంటూ యజమాని ఎడమచేత్తోనే కెమెరాను వెనక్కి తిప్పాడు.

దొంతర కూలిపోయి ఉంది. దాని కింద నడుము దాకా పొడుగన్న. బావమరిది వట్టి చేతులతో పగిలిన పెంకులు లాగి పారేస్తున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా ఎర్రగా తడిశాయి.

"ఎవరండీ దొరికింది?" వంటింట్లోంచి భార్య అడిగింది. అతను చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు.

పొడుగన్నకి తొడ ఎముక విరిగింది. ఆసుపత్రి మంచం మీద, యజమానిని చూడగానే లేవబోయాడు.

"పడుకో, పడుకో."

"అరిచాను సార్. బండ్ల మోతలో పెట్టెలు కూలిన చప్పుడూ, నా అరుపూ చిన్నసారుకి వినపళ్లేదు. కెమెరా ఉందిగా, మీరు చూస్తారని చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఇక లాభం లేదని పెంకు తీసి కౌంటరు వైపు విసిరికొడితే, ఆ చప్పుడుకి ఆయనొచ్చాడు." మళ్లీ తనే అన్నాడు: "భోజనాల వేళ కదా, మీరు ఫోను చూసుండరు."

"అవును" అన్నాడు యజమాని. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

వరండాలో బావమరిది రెండు చేతులకీ కట్లతో కూర్చుని ఉన్నాడు. యజమాని పక్కన కూలబడ్డాడు.

"వాడికి అబద్ధం చెప్పానురా. నేను చూస్తూనే ఉన్నాను. కెమెరా..."

"నా వైపుంది. తెలుసు బావా."

"ఎలా తెలుసు?"

"తిరిగినప్పుడు కీచుమంటుంది. నువ్వు ఇంటికెళ్లిన కాసేపటికి రోజూ వినేవాణ్ణి."

"మరి నన్నడగలేదేంరా?"

"నువ్వే అడుగుతావని చూశాను."

యజమాని లేచి మళ్లీ లోపలికి వెళ్లాడు. పొడుగన్నకి ఉన్నదున్నట్టు చెప్పాడు, కుళాయిల సంగతితో సహా. పొడుగన్న కోప్పడలేదు.

"అయితే ఉత్తినే ఊపానన్నమాట" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కుళాయిలు ఎటు పోయాయో చివరికీ తేలలేదు. హాల్లో ఇప్పుడు నాలుగు ఫిక్స్‌డ్ కెమెరాలున్నాయి. బరువులు ఎత్తలేని పొడుగన్న కౌంటర్లో కూర్చుంటున్నాడు, అడిగినదానికే జవాబిస్తాడు. కట్లు విప్పగానే బావమరిది ఊరికి అటు చివర ఇంకో దుకాణంలో చేరాడు.

సెలవురోజున అక్కని చూడ్డానికి వస్తాడు. మొన్న భోజనాల దగ్గర ఆమె ఉండబట్టలేక అడిగేసింది:

"మన దుకాణంలో నీకేం తక్కువైందిరా?"

యజమాని ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"ఏం లేదక్కా, అదైతే మా ఇంటికి దగ్గర" అన్నాడు బావమరిది.

ఆ దుకాణం అతనింటికి ఎంత దూరమో యజమానికి తెలుసు. తల వంచుకుని, కంచంలో ఉన్నది ఎలాగో తిని లేచాడు.