పడమటి కిటికీ

నేనొక కాగితాన్ని, చాయ్ మరకతో సహా. ఆ మరకకు కూడా అద్దం బిగించి లైటు వేశారంటే నా హోదా ఏపాటిదో చూసుకోండి.

కోరుట్లలో పుట్టాను. మిల్లులో తయారవడాన్ని పుట్టుక అనను, అక్కడ నేను ఉత్త తెలుపు. ఏదో ప్రారంభోత్సవానికి వచ్చిన ఆర్కిటెక్టు వామనరావును బీడీలు చుట్టే ఆడవాళ్లు చుట్టుముట్టారు. "మా పోరగాండ్లు తంబాకు దుమ్ముల పండుకుంటున్నరు సారూ. వాళ్లకో ఇల్లు గీసియ్యి." ఆయన ఆ ఆడవాళ్ల సంఘం ఆఫీసులో చాయ్ తాగుతూనే నన్ను లాక్కుని ఆ ఇల్లు గీశాడు. నలువైపులా కిటికీలు. కింద "ఇలాగే కట్టండి" అని సంతకం.

కట్టారా? కట్టలేదు. బీరువాలో పడేశారు. ఆయన చచ్చాక గొప్పవాడయ్యాడు, మన దగ్గర అదే వరస. వెంటనే హైదరాబాదు నుంచి మురహరిరావు దిగాడు. పేరుమోసిన ఆర్కిటెక్టులు, డిజైనర్లు సంతకం చేసిన కాగితాలు పోగేసే పెద్దమనిషి. "భద్రంగా ఉంచుతా" అన్నాడు. సంఘం పెద్దలు శాలువాలు కప్పించుకుని నన్ను ఇచ్చేశారు.

ఆయన ఇంటి గోడలు చూడాలి మీరు. మేడలు కట్టినవాడు కుళాయి రావట్లేదని రాసిన ఫిర్యాదు. కుర్చీల డిజైనరు సంతకం పెట్టిన ఇస్త్రీ చీటీ. కూర్చోవడానికి మాత్రం ఆ ఇంట్లో ఒక్క మంచి కుర్చీ లేదు. రోజూ పొద్దున్నే తెల్ల గ్లవుజులు తొడుక్కుని మాకు గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. నా ప్రతి గీతా ఆయనకు కంఠతా వచ్చు. ఎవరి కోసం గీశారన్నదే రాదు.

ఇన్నాళ్లకు కోరుట్లలో పిల్లల ఇంటికి జాగా దొరికింది. కాంట్రాక్టరు కిటికీల్లేని రేకుల షెడ్డు వేస్తానన్నాడు. సంఘానికి కొత్త నాయకురాలు పోసవ్వ ఊరుకుంటుందా? ఆడవాళ్లను వెంటేసుకుని బస్సెక్కి నా కోసం వచ్చింది.

"ఫొటో తీసుకుంటం సారూ."

"ఫొటో తీస్తే సంతకం వెలిసిపోతుందమ్మా."

"పోనీ, జిరాక్సు?"

"అయ్యో, ఆ మాట ఈ కాగితాల ముందు అనకండి."

పోసవ్వ నా ముందు నిలబడి వేలితో గాలిలో చుక్కలు పెట్టుకుంది. బయటికి నడిచింది. తెరిచిన తలుపులోంచి చూస్తున్నాను: కారు నిలిపే చోట ఆమె చేతిలోంచి ముగ్గుపిండి రాలుతోంది. చుక్కలు, గీతలు, గదులు. అరె, అది నేనే. జానెడు కాగితాన్ని, వాకిలంతా పరుచుకున్నాను.

మురహరిరావు ఉరికాడు.

"సారూ, అది గోడ, తొక్కకు. దర్వాజ ఇటున్నది" అంది పోసవ్వ.

నమ్ముతారా, ఆయన చుట్టూ తిరిగి, చెప్పులు విడిచి, ముగ్గు దర్వాజలోంచే లోపలికి వెళ్లాడు. నాలుగు దిక్కులూ చూసి భగ్గుమన్నాడు.

"తప్పు. పడమటి కిటికీ ఏది?"

"ఎక్కడి కిటికీ? అట్ల లేదు."

"నాకు చెప్తావా? ఉంది."

"ఉంటే సూపెట్టు."

గ్లవుజులు మరిచి, నన్ను గోడ నుంచి ఊడబెరికి ఎండలోకి పట్టుకొచ్చాడు. చుట్టూ ఆడవాళ్ల ఫోన్లు లేచాయి. అద్దం మీద ఎండ మెరవకుండా పోసవ్వ కొంగు అడ్డం పట్టింది. "సంతకం వెలిసిపోతది గద సారూ."

ఆయన ఇంకా కిటికీ చూపిస్తూనే ఉన్నాడు.

పడమటి కిటికీని ఆమె నిజంగా మరిచిందో, కావాలనే మరిచిందో నాకు తెలీదు. నేను మళ్లీ గోడెక్కాను. ఇక్కడ నాకు తెల్ల గ్లవుజుల గుడ్ మార్నింగులు. అక్కడ కోరుట్లలో నాకు పునాది తవ్వుతున్నారు, గడ్డపారలతో.