రోడ్డు కింద అంగడి

ఇది ఉత్త గాలిమోడమే అయ్యుంటుంది, ఈ సీమలో మబ్బు ఎప్పుడు మాట నిలబెట్టుకుంది గనక, మధ్యాహ్నం దాటేసరికి తూర్పున నల్లగా కమ్ముతుంది, ఊరు ఊరంతా తలెత్తి చూస్తుంది, దుమ్ము లేస్తుంది, రేకులు దడదడలాడతాయి, ఆ తర్వాత తనకల్లు మీదుగా ఎటో జారుకుంటుంది, ఇదీ అలాగే జారుకుంటుందిలే అనుకుంటూ సోమశేఖర్ కాటా మీద బెల్లం పెట్టి, తూకం చూడటం మరిచిపోయి, గల్లాపెట్టె వెనకనుంచి మెడ సాచి మళ్లీ ఆకాశం వైపు చూశాడు, ఎదురుగా తవుడు బస్తా మీద కూర్చున్న నరసింహప్ప కూడా అటే చూస్తున్నాడు, కానీ ఇద్దరి చూపూ ఒకటి కాదు, నరసింహప్పకు ఊరి బయట మిట్టచేలో వేరుశనగ ఉంది, ఊడలు దిగే అదును, ఈ వారంలో ఒక్క పదును పడకపోతే కాయ ఊరదు, చెట్టంతా పశువుల మేతకే పోతుంది, అందుకే వానొస్తాదంటావా శెట్టీ అని పొద్దుటినుంచీ అడిగిందే అడుగుతున్నాడు, వస్తాదిలేప్పా, రాకుండా యాడికి పోతాది అని సోమశేఖర్ నోరు బదులు చెప్పింది, కడుపులో మాత్రం ఏటేటా కదిలే మాటే మళ్లీ కదిలింది, వద్దు సామీ, ఈరోజుకు వద్దు.

ముదిగుబ్బకూ కదిరికీ మధ్య ఉన్న ఈ ఊళ్లో అలాంటి మాట అనుకునేవాడు ఇంకొకడుంటాడా, పుట్టిన ప్రతివాడూ మబ్బుకు చేతులు జోడించే చోట, కప్పకు పెళ్లి చేసే చోట, రైతుకు నాలుగు కాయలు రాలితేనే తన అంగట్లో చక్కెర కదిలే చోట, వాన రాకూడదని మొక్కుకునే కోమటి తనొక్కడే, ఎవరికైనా తెలిస్తే మొహాన ఉమ్మేస్తారు, అయినా ఏం చేస్తాడు, చినుకు పడితే అందరికీ మట్టివాసన వస్తుంది, తనకు మాత్రం తడిసిన గోతాల వాసన, నానిపోయిన కందిపప్పు మగ్గిన వాసన, అది ముక్కుకు తగలగానే చేతులు వాటంతటవే కింది బస్తాలను పైకి ఎత్తడం మొదలుపెడతాయి, అంగడి రోడ్డుకంటే కిందుంటే వాన దేవుడెలా అవుతాడు, మొదటినుంచీ ఇలా లేదు గదా, నాయన ఈ అంగడి కట్టినప్పుడు రోడ్డుమీదనుంచి అయిదారు మెట్లెక్కి రావాలి, నున్నటి తాడిపత్రి బండల మెట్లు, బడినుంచి వచ్చి ఒక్క ఉరుకులో ఎక్కి గల్లా దగ్గరికి చేరేవాడు తను, నాయన కసిరేవాడు, పళ్లు రాల్తాయిరా సోమా, మెల్లగా రా, ఆ తర్వాత రోడ్డేశారు, పాతదాని మీదే కంకర పరిచి తారు పోశారు, ఒక మెట్టు మునిగింది, ఊరంతా సంబరపడింది, రోడ్డొచ్చిందని రోలరుకు పూలదండ వేసి టెంకాయ కొట్టింది కూడా తనే, కొన్నేళ్లకు గుంతలు పడ్డాయి, మళ్లీ ఇంకో పూత, ఇంకో మెట్టు, ఇంకో టెంకాయ, ఓట్లు వచ్చినప్పుడల్లా ఒక పూత, ఒకరోజు చూస్తే మెట్లే లేవు, రోడ్డూ గడపా సమానం, అప్పుడైనా బుద్ధి రాలేదు, సైకిలు నేరుగా లోపలికే తోసుకురావచ్చని నవ్వుకున్నాడు, ఆ మీదటి పూతలకు అంగడి కిందికి దిగింది, జనం తలొంచుకుని దిగి రావలసి వచ్చింది, బావిలోకి దిగినట్టుండాది గదప్పా అని ఒకడు, పాతాళశెట్టి అంగడి అని ఇంకొకడు, నవ్వుతూనే అన్నారు, నవ్వుతూనే విన్నాడు.

గాలి ఆగిపోయింది, ఇది మంచిది కాదు, గాలి ఆగితే మబ్బు నిలుస్తుంది, పోయినేడు దసరా వెళ్లాక పడిన వానకు ముందు కూడా ఇలాగే ఆకు కదల్లేదు, ఆ మధ్యాహ్నం తను అన్నం తిని కునుకు తీస్తున్నాడు, లేచేసరికి రోడ్డుమీది నీళ్లు గడప దాటి కాలువలా లోపలికి దూకుతున్నాయి, బియ్యం బస్తాలు ఎత్తాలో ఉప్పు ఎత్తాలో తెలియక చక్కెర బస్తాను కౌగిలించుకుని నిలబడ్డాడు, అప్పుడు గుర్తొచ్చింది వెనక గదిలో అమ్మ ఉందని, పరిగెత్తి చూస్తే పద్మావతమ్మ మంచం దిగి, మోకాటిలోతు నీళ్లలో గోడ పట్టుకుని, దేవుడి పటాలను ఒక్కొక్కటే తీసి మంచం మీద పెడుతోంది, కాలు జారింది, పట్టుకున్నాడు, ఆ నీళ్లల్లో ఏం కొట్టుకొస్తోందో, కరెంటు తీగ ఎక్కడుందో, ఎనభై ఏళ్ల మనిషిని రెండు చేతులతో ఎత్తుకుని నిలబడితే ఆమె భయపడలేదు, ఏడవలేదు, అంగట్లోకి ఒక చూపు చూసి, మీ నాయన జనాన్ని మెట్లెక్కి రమ్మన్న్యాడు, నువ్వు గుంతలోకి దిగి రమ్మంటాండావు అంది, అంతే అంది, ఆ రాత్రంతా బకెట్లతో నీళ్లు తోడుతున్నా ఆ మాట మాత్రం తోడిపోయలేకపోయాడు.

ఎందుకంటే అంతకు ఆరు నెలల ముందే రోడ్ల ఆఫీసు ఇంజనీరమ్మ చెప్పింది, చెప్తే తను వినలేదు, సునంద అని కొత్తగా వచ్చిన పిల్ల, ధర్మవరం మగ్గాలోళ్ల బిడ్డ, ఎండలో తలకు తుండు చుట్టుకుని అంగడి ముందు గుంత తవ్వించి, అన్నా ఒకసారి ఇట్ల వచ్చి చూడు అని పిలిచింది, వంగి చూస్తే రోడ్డు పక్క తెగి కనిపించింది, దోసెల దొంతరలా ఒకదాని మీద ఒకటి నల్లటి పూతలు, ఇది నా పెళ్లి అయిన ఏడు వేసింది, ఇది నాయన పోయిన ఏడు, ఇది కరోనా తర్వాత, వేలు పెట్టి చూపించగలిగాడు, ఇన్ని పూతలేసినా రోడ్డు యాల నిలబడలేదో తెల్సా అన్నా, అందామె, నీళ్లు పోయే దారి లేక, లారీలకంటే నీళ్లే రోడ్డును ఎక్కువ తింటాయి, ఇంకో పూత ఏస్తే మూడేండ్లు, మళ్లీ గుంతలు, మీ అంగడి ఇంకో మెట్టు దిగుతాది, అట్ల గాదు, పాతదంతా గీకి తీసేద్దాం, రోడ్డును కిందికి దించుదాం, పక్కన కాలవ తెరుద్దాం, ఏటేటా వానలకు ముందు పూడిక తీద్దాం, పగులు చిన్నగా ఉన్నప్పుడే పూడ్చుకుందాం, ఇరవై ఏండ్లు చూసుకోవచ్చు అంది, కాలువ ఎక్కడుందమ్మా అన్నాడు తను నిజంగానే తెలియనట్టు, ఆమె నవ్వలేదు, మీ కాళ్లకిందే ఉండాది అంది, చూస్తే తను నిలబడ్డది తను వేయించుకున్న బండమీదే, నూనె డబ్బాలు పెట్టుకోవడానికి కాలువ మీద పరిచిన బండ, తనే కాదు, బజారంతా అలాగే కప్పుకుంది, కప్పిన కాలువలో మట్టి నిండి కాలువన్న సంగతే అందరూ మరిచారు, అయినా ఆ రోజు తను ఒప్పుకున్నాడా, లేదు, అంగళ్లోళ్లందరినీ కూడేసి, ఒక పూట షట్టర్లు దింపించి, మా బండల జోలికొస్తే ఒప్పుకోమని ఆఫీసు ముందు అరిచాడు, పక్కంగడి తిప్పేష్ భుజం తట్టాడు, నువ్వుంటే మాకేం బయం లేదన్నా అని.

అలాంటి తిప్పేష్ ఇప్పుడు మాట్లాడడు, అమ్మ ఆ మాటన్న మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని తన బండ తనే పగలగొట్టినప్పటినుంచీ, నాయకుడే బండ తీసేస్తే మిగతావాళ్లకు నిలబడే నేల ఏది, ఒక్కొక్కరే తిట్టుకుంటూ తీశారు, మమ్మల్ని ముందు నడిపిచ్చి నువ్వు వెనక్కి తిరిగితివి అన్నాడు తిప్పేష్, అదే కడపటి మాట, చలికాలమంతా యంత్రం రోడ్డును గీకుతూనే ఉంది, బజారంతా దుమ్ము, బేరాలు లేవు, జనం అంగట్లోకి చూసి తిట్టినట్టే ఉండేది, ఒక పొద్దు గీకుతుంటే తారు కిందనుంచి నున్నటి బండ ఒకటి తేలింది, నాయన వేయించిన మెట్టు, నడుమ అరిగిన గుంటతో సహా, అమ్మ చేతికర్రతో వచ్చి దానిమీద పాదం పెట్టి చాలాసేపు నిలబడింది, రోడ్డు గడపకంటే కిందికి దిగింది, కాలువ తెరుచుకుంది, అంతా బాగానే ఉంది, కానీ ఇంతవరకూ పెద్ద వాన పడలేదు, పదును వానలు రెండు పడ్డాయి, కాలువ అడుగు కూడా తడవలేదు, అసలు వాన ఇప్పుడొస్తోంది, ఈ వానలో నీళ్లు మళ్లీ లోపలికొస్తే ఈ బజారులో తను తలెలా ఎత్తుకుంటాడు, ఆ పిల్ల మాట నమ్మి ఇంతమంది వాకిళ్లు తవ్వించాడే, వద్దు సామీ, రేపు రా, ఎల్లుండి రా, అదిగో, పడింది.

మొదటి చినుకు రూపాయి బిళ్లంత, రోడ్డుమీద దుమ్ము ఎగిరింది, తర్వాత ఆకాశం చిల్లిపడినట్టు కుమ్మరించింది, నరసింహప్ప లేచి నిలబడి రెండు చేతులూ బయటికి చాచాడు, వచ్చె గదప్పా, వచ్చె, అంటూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు, సోమశేఖర్ అప్పటికే కింది వరస బస్తాలకు చేతులు వేశాడు, వేసి ఆగాడు, చూద్దాం, రోడ్డు నడుమన పడ్డ నీళ్లు అటూ ఇటూ వాలుకు జారి అంచుకు వస్తున్నాయి, చెత్తనూ ఎండాకులనూ తోసుకుంటూ కాలువలో పడుతున్నాయి, పడ్డ నీళ్లు కదులుతున్నాయి, పోతున్నాయి, పోతున్నాయి గదా అనుకునేలోగానే ఆగాయి, లేదు, ఆగలేదు, వెనక్కి వస్తున్నాయి, కాలువ నిండుతోంది, అంచు తాకింది, అమ్మ లోపలినుంచి, సోమా నీళ్లొచ్చినాయా అని కేకేసింది, చెప్పులు వదిలేసి వానలోకి దూకాడు, కాలువ వెంబడే పరిగెత్తాడు, తిప్పేష్ అంగడి ముందు, కాలువ మలుపు తిరిగే చోట, సిమెంటు గోతం ఒకటి అడ్డంపడి దానికి కసువంతా పట్టుకుంది, వంగి లాగాడు, రాలేదు, నీళ్ల బరువుకు బిగుసుకుపోయింది, మళ్లీ లాగితే మనిషే తూలాడు, ఇంకో రెండు చేతులు పక్కనుంచి వచ్చి గోతం చివర పట్టుకున్నాయి, చూడకుండానే తెలిసింది ఎవరివో, ఒక్కసారిగా లాగన్నా, ఊ అన్నాడు తిప్పేష్, లాగారు, గోతం పెకిలి వచ్చింది, ఇద్దరూ బురదలో వెనక్కి పడ్డారు, గడగడమని శబ్దం చేస్తూ నిలిచిన నీళ్లన్నీ ఒక్క ఊపున కదిలి, మలుపు తిరిగి, ఊరి బయట వంకకేసి పరుగెత్తాయి.

ఇద్దరూ లేచి నిలబడ్డారు, ఎవడప్పా ఈడ గోతం పారేసింది అని తిప్పేష్ తిట్టాడు, తిట్టి, నాదేలే, నిన్న నేనే యాడ్నో పెట్టి మరిచిపోతి అన్నాడు, సోమశేఖర్‌కు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లల్లో నీళ్లొచ్చాయి, వానలో ఎవరికి తెలుస్తుంది, తిప్పేష్ అంగడి గడప పొడిగా ఉంది, ఆ పక్కదీ పొడిగానే ఉంది, తన అంగడికి వచ్చి చూస్తే గడపకు జానెడు కింద నీళ్లు పారుతున్నాయి, లోపల నేల ఎండిపోయి, ఎప్పుడూ చూడనంత ఎండిపోయి ఉంది, రాలేదమ్మా, ఒక్క చుక్క రాలేదు, కాళ్లు చాపుకోని పండుకో అని లోపలికి కేకేశాడు, ఆ కేక తన గొంతులా లేదు, ఎవరో చిన్నవాడి గొంతులా ఉంది, అప్పుడే ఫోను మోగింది, సునంద, పలకరింపు కూడా లేదు, అన్నా నీళ్లు పోతాండాయా అంది, ఆ గొంతులో వణుకు విని ఆశ్చర్యపోయాడు, ఈ పిల్ల కూడా తనలాగే మబ్బుకు భయపడి కూర్చుందా, పోతాండాయమ్మా, బంగారట్ల పోతాండాయి అంటే అటునుంచి పెద్ద ఊపిరి వినిపించింది, ఆ తర్వాత మళ్లీ ఇంజనీరమ్మ అయిపోయింది, ఇది మొదటి వానే అన్నా, ఇట్లాటివి ఎన్ని రావల్లనో, మే నెల్లో పూడిక తీసేటప్పుడు శుభ్రంగానే ఉండాది గదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, నేను బదిలీ అయిపోతా, మీరుంటారు గదా, రోడ్డును చూసుకునేది మీరే అంది, ఆ మాటకు రోలరుకు దండలేసిన రోజులన్నీ కళ్లముందు తిరిగాయి, కొత్త రోడ్డు అంటే ఊరేగింపు, ఉన్న రోడ్డును కాపాడుకోవడమంటే ఏటా వేసవిలో పార పట్టి మట్టి తీయడం, దానికి టెంకాయ కొట్టేవాడు ఉండడు, పర్వాలేదు, చూసుకుంటాంలేమ్మా, నేనూ తిప్పేషూ ఉండాం గదా అన్నాడు, పక్కన తడిసిన చొక్కా పిండుకుంటున్న తిప్పేష్ తలెత్తి చూశాడే గానీ కాదనలేదు.

వాన సన్నబడుతోంది, నరసింహప్ప గొంగడి తలమీద కప్పుకుని, ఇంగ చాలప్పా, మంచి పదునయ్యింటాది, కాస్త తెరిపిచ్చెనంటే చేనుపక్క పోయొస్తా అన్నాడు, ఏం తొందరప్పా, కూర్చో, కురవనీ, రాత్రంతా కురవనీ అన్నాడు సోమశేఖర్, అని, తను ఏమన్నాడో తనకే వినబడి ఉలిక్కిపడ్డాడు, లోపల వెతుక్కున్నాడు, వద్దు అనే ఆ మాట ఎక్కడా లేదు, గడపలో కూర్చుని కాళ్లు బయటికి చాచాడు, చినుకులు పాదాల మీద పడుతున్నాయి, అటు చెట్ల మీద, మిట్టచేల మీద, కనబడినంత మేరా పడుతున్నాయి, నరసింహప్ప చేలో ఊడలు మెత్తబడిన మట్టిలోకి దిగుతుంటాయి ఈపాటికి, అది తలుచుకుంటే తన ఒంట్లోనే ఏదో వేరు దిగుతున్నట్టుంది, ఈ కరువు నేలలో పుట్టిన ప్రతి మనిషికీ మబ్బును చూస్తే కలిగే ఆశ ఎన్నేళ్లుగానో తనకు లేకుండా పోయింది, ఈరోజు ఊరితోపాటు తనూ వాన కోసం చూస్తున్నాడు, తనకూ వాన కావాలి.