జవాబివ్వకూడని ఫోను

ఆ ఏడాది ఒకే ఉత్తరాన్ని నేను రెండు వందల సార్లకు పైగా పంపి ఉంటాను. "మారిన అంతర్జాతీయ పరిస్థితుల దృష్ట్యా మీ విన్నపానికి స్పందించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము." రాసింది మిలాన్‌లోని వకీలు. కింద పేరు మాత్రం నాది. లొరెదానా పెజెంతి, ఎగుమతుల విభాగం.

మా ఫ్యాక్టరీ బెర్గమో ఊరి బయట, సెరియో నది పక్కన ఉంటుంది. నూట నలభై మందిమి. గ్యాసును నొక్కి గొట్టాల్లోకి తోసే పెద్ద కంప్రెసర్లకు సీళ్లు తయారు చేస్తాం. కంప్రెసర్‌లో ఇరుసు తిరుగుతూ ఉంటుంది. ఆ ఇరుసు పక్కనుంచి గ్యాసు బయటికి రాకుండా పట్టి ఉంచేదే సీలు. చూడ్డానికి అన్నం తినే పళ్లెమంత ఉంటుంది, అది సరిగ్గా కూర్చోకపోతే మాత్రం మనుషులు పోతారు. మేం చేసిన వాటిలో మూడో వంతు ఇరాన్‌కే వెళ్లేవి. సముద్రం ఒడ్డున అసలూయే అనే చోట ఉన్న గ్యాసు ప్లాంట్లలో మా సీళ్లు లేని యంత్రాల వరస లేదు.

రెండు వేల పద్దెనిమిది మే నెలలో అమెరికా ఇరాన్‌తో చేసుకున్న అణు ఒప్పందం నుంచి తప్పుకుని మళ్లీ ఆంక్షలు పెట్టింది. మా యూరప్ పెద్దలు మాత్రం, మీ వ్యాపారం మీరు చేసుకోండి, అమెరికా మాట వినక్కర్లేదు అన్నారు. వినకూడదని చట్టం కూడా ఉందన్నారు. మా బ్యాంకు వాళ్లు ఒక్క మాటే అన్నారు: ఇరాన్ పేరున్న కాగితం ఒక్కటి కనబడినా మీతో మాకు సంబంధం ఉండదు. మా డైరెక్టర్ ఫెర్రాంతే బెలొత్తి చట్టాన్ని రెండుసార్లు చదివి, చివరికి బ్యాంకు మాటే విన్నాడు. ఆయన కుర్చీలో ఎవరున్నా అదే చేసేవారు.

బత్తిస్తా రోంకల్లి ఆ సీళ్లు బిగించే మనిషి. అప్పటికి యాభై తొమ్మిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఏడాదికి నాలుగైదు నెలలు అసలూయేలోనే ఉండేవాడు. ఆ నవంబరులో అక్కడ రెండు కంప్రెసర్లు విప్పి ఉన్నాయి. ఒకటి బిగించాడు. రెండోది సగంలో ఉండగా, రేపటి విమానంలో వచ్చెయ్యమని కబురు వెళ్లింది. మూడు రోజులు అడిగాడు. ఇవ్వలేదు. తిరిగొచ్చిన రోజు నా బల్ల ముందు నిలబడి, ఇంకా ఆ దుమ్ముపట్టిన బూట్లతోనే, "పొట్ట కోసి కుట్లు వెయ్యకుండా వచ్చాను లొరెదానా" అన్నాడు. ఆ కుట్లు వేసే పని అక్కడి ఇంజనీరు కియూమర్స్ మీద పడింది.

కియూమర్స్‌ని మేమందరం ఎరుగుదుం. ఒకప్పుడు మూడు నెలలు మా దగ్గరే ఉండి పని నేర్చుకున్నాడు, మా భాష కూడా నేర్చుకున్నాడు. క్యాంటీనులో రోజూ పొలెంతా, అదే మొక్కజొన్న సంకటి, పెడితే, "ఇది తినేదా, గోడకి పూసేదా?" అని వంటామెని ఏడిపించేవాడు. ఆమె కూడా, "ముందు తిను, మిగిలితే పూద్దువుగాని" అనేది.

బత్తిస్తా రాగానే అతన్ని గోదాములో కూర్చోబెట్టారు. బోల్టులు లెక్కపెట్టే పని. ఇరాన్ నుంచి ఫోనొస్తే ఎత్తకూడదని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. నా చేతా చేయించుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి నా బల్ల మీది ఫోను మోగింది.

"లొరెదానా ఖానుమ్, నేను కియూమర్స్‌ని. పెట్టెయ్యకండి." ఖానుమ్ అంటే వాళ్ల భాషలో అమ్మగారు.

నాకు అలవాటైన వాక్యం నోట్లోకి వచ్చేసింది. "మారిన అంతర్జాతీయ పరిస్థితుల..."

"అది నాకు కంఠతా వచ్చు ఖానుమ్. పదకొండుసార్లు పంపారు. నేను సామాను అడగట్లేదు. రెండో యంత్రం సీలు కారుతోంది. పొద్దుట్నుంచీ పెరుగుతోంది. మా మనుషులు నలభై మంది దాని చుట్టూనే ఉన్నారు. ఆపాలి. ఎలా ఆపాలో పుస్తకంలో ఒకలా ఉంది, యంత్రం మీద గొట్టాలు ఇంకోలా ఉన్నాయి. ఉస్తాద్ బత్తిస్తా మార్చారు కదా, మార్చాక గీసిన బొమ్మ మాకు రాలేదు."

ఆ బొమ్మ నా కంప్యూటర్లోనే ఉంది. నవంబరులో పంపబోతుంటే వద్దన్నారు. నేను మారు మాట్లాడకుండా మానేశాను. అసలూయేలో భూమిలోంచి వచ్చే గ్యాసు మన వంటింటి గ్యాసు లాంటిది కాదు. విషం కలిసి ఉంటుంది. గట్టిగా రెండుసార్లు పీలిస్తే మనిషి అక్కడే కూలిపోతాడు.

"లైన్లో ఉండు" అని గోదాముకి వెళ్లాను. పరిగెత్తలేదు. ఎందుకో ఆ పూట పరిగెత్తే ఓపిక కూడా లేదనిపించింది, గబగబా నడిచాను, అంతే.

బత్తిస్తా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సంగతి చెప్పాను.

"ఆ ఫోను నేను ఎత్తకూడదన్నారు కదా" అన్నాడు.

"అన్నారు."

"మరి నువ్వే పిలుస్తున్నావు."

"నేనే పిలుస్తున్నాను."

అతను గుడ్డతో చేతులు తుడుచుకుని లేచాడు.

ఫోను అందుకోగానే, "కియూమర్స్, అరవకు. ఎర్ర బటను దగ్గర ఎవడున్నాడు? వాణ్ణి ముందు పక్కకి లాగు" అన్నాడు. "ఆ, తెలుసు, పుస్తకంలో అదే నొక్కమని ఉంది. నొక్కావంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. లోపలి రబ్బరు రింగుల్లో గ్యాసు నిండి ఉంది. అవి పేలాల్లా పేలతాయి. అప్పుడు కారడం కాదు, తలుపు తీసినట్టే. మెల్లిగా దించాలి. నాలుగు గంటలు పడుతుంది. అక్కర్లేని వాళ్లందర్నీ గాలికి ఎదురుగా దూరం పంపించెయ్. ఆరుగురు చాలు. నువ్వు మాస్కు పెట్టుకున్నావా? పెట్టుకున్నవాడి గొంతు ఇంత బాగా వినబడదు. పెట్టుకో."

నేను బొమ్మ తెర మీద తెరిచి అతని ముందుకు తిప్పాను. చూడకుండానే చెబుతున్నాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో, ఎంతసేపు ఆగాలో, ఒత్తిడి చూపించే ఏ ముల్లు ఎక్కడికి వచ్చాక మళ్లీ తిప్పాలో. మధ్యలో నిమిషాల తరబడి మాటలుండేవి కావు. అవతల యంత్రం ఊళ చిన్నగా వినబడేది. మా ఆఫీసులో టైపు చేసే చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. ఎవరూ మా వైపు చూడలేదు గాని, అందరూ వింటున్నారు.

పదకొండు దాటాక బెలొత్తి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకి ఎవరో చెప్పి ఉంటారు.

"బత్తిస్తా, ఫోను పెట్టెయ్."

"పెట్టేస్తాను. ఇంకా సగమే దిగింది."

"నువ్వు చేస్తున్నది ఏంటో తెలుస్తోందా? సాంకేతిక సలహా ఇస్తున్నావు. మాట కూడా ఎగుమతి కిందికే వస్తుందని వకీలు చెప్పింది."

"అయితే కస్టమ్స్ వాళ్లని పిలవండి. నోరు తెరిచి చూపిస్తాను."

ఎవరూ నవ్వలేదు. బెలొత్తి మొహం ఎర్రబడింది. ఫోను తీగ గోడకి తగిలించిన చోటు ఆయన చేతికి రెండడుగుల దూరంలో ఉంది. ఆయన దాన్ని చూడడం నేను చూశాను. తర్వాత అవతలి నుంచి కియూమర్స్ గొంతు, "ఉస్తాద్, ముల్లు కదలట్లేదు, ఉస్తాద్, ఉన్నారా?" అని గదంతా వినబడేలా అరిచింది. బెలొత్తి వెనక్కి తిరిగి బయటికి వెళ్లి, తలుపు తనే దగ్గరగా వేశాడు. ఆయన్ని తలుచుకున్నప్పుడు ఆ తలుపు వెయ్యడం కూడా నేను చెబుతుంటాను. న్యాయం కదా.

"ఉన్నాను" అన్నాడు బత్తిస్తా. "ఆ వాల్వు పాతది, మొండిది. ఒక చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ ముందుకి తిప్పు. తొందరపడకు."

ఒకటీ నలభైకి యంత్రం ఆగింది. లోపల ఒత్తిడి సున్నా. అవతల మనుషుల కేకలు, ఎవరో ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. అప్పుడు కియూమర్స్, "ఉస్తాద్, ఈసారి వస్తే మీ గోడ సున్నం రెండు పళ్లేలు తింటాను" అన్నాడు. "ఈసారి లేదులే" అని బత్తిస్తా ఫోను పెట్టేశాడు. అతని చెవి ఎర్రగా కంది ఉంది. కాఫీ తెచ్చిచ్చాను. చేతిలో పట్టుకుని కూర్చున్నాడు గాని తాగలేదు.

వారం తిరిగాక మిలాన్ నుంచి వకీలు వచ్చింది. నా ఈడు మనిషే. కళ్ల కింద నల్లగా ఉంది, పెద్ద సంచీ నిండా మా లాంటి కంపెనీల ఫైళ్లు. చిన్న గదిలో మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టారు. బెలొత్తి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"నాలుగు గంటల పది నిమిషాల కాల్. ఎవరు ఎత్తారు?" అని అడిగింది.

"నేనే" అన్నాడు బత్తిస్తా. "అటు వెళ్తుంటే మోగింది. ఎత్తాను."

"కాదు" అన్నాను. "ఎత్తింది నేను. గోదాముకి వెళ్లి అతన్ని పిలుచుకొచ్చింది కూడా నేనే."

వకీలు కలం కింద పెట్టింది. "చూడండి, బ్యాంకుకి ఒక నివేదిక పంపాలి. ఒక ఉద్యోగి సొంతంగా తప్పు చేశాడు, కంపెనీ చర్య తీసుకుంది అని రాస్తే వాళ్లు ఊరుకుంటారు. ఇద్దరని రాస్తే ఇది కంపెనీ పద్ధతే అనుకుంటారు. నాకు ఒక్క పేరు చాలు." ఆమె గొంతులో కోపం లేదు. ఆ వారంలో ఆ మాట ఎన్ని గదుల్లో చెప్పి వచ్చిందో.

"నాది రాయండి. నాది ముసలి పేరు" అన్నాడు బత్తిస్తా. పింఛనుకి అతనికి ఇంకా మూడేళ్లుంది.

అందరూ నా వైపు చూశారు. మళ్లీ నోరు తెరిస్తే సరిపోయేది. మా అమ్మ మంచంలో ఉందని, నా జీతం మీదే నడుస్తున్నామని చెప్పుకోవచ్చు. అది నిజమే. కానీ ఆ నిమిషంలో నాకు అమ్మ గుర్తు రాలేదు. బాగా అలసిపోయాను, ఆ గదిలోంచి బయటపడితే చాలనిపించింది. ఊరుకున్నాను. వకీలు రాసుకుంది.

మార్చి నెలాఖరుకి బత్తిస్తా వెళ్లిపోయాడు.

జూన్‌లో ఇజ్మీర్ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. టర్కీలో ఏదో వర్తక కంపెనీ, పెట్టి ఆరు నెలలు కూడా కాలేదు. నాలుగు సీళ్లు కావాలట. బొమ్మ నెంబరు చూశాను. బత్తిస్తా గొట్టాలు మార్చిన తర్వాత గీసిన బొమ్మ అది. ఆ సీలు పట్టే యంత్రాలు భూమ్మీద రెండే ఉన్నాయి, రెండూ అసలూయేలోనే. సరుకు ఎక్కడ వాడతారో తెలుసుకున్నానని నేను సంతకం చెయ్యాల్సిన కాగితం కూడా జతచేసి ఉంది.

బెలొత్తి గదికి తీసుకెళ్లాను.

"ఇవి ఇజ్మీర్‌లో ఎందుకూ పనికిరావు" అన్నాను.

"కొనేవాడు ఇజ్మీర్‌లో ఉన్నాడు. మన కాగితం మీదా ఇజ్మీరే ఉంది."

"ఎక్కడికి పోతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"నువ్వు వెళ్లి చూశావా?"

"ఫోన్లో మాట్లాడినందుకు మనిషిని పంపించేశారు. ఇప్పుడు వస్తువే పంపుతున్నారు."

ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. "లొరెదానా, పొద్దుట్నుంచీ నాకిది తొమ్మిదో తలనొప్పి. ఆ ఫోనులో ఇరాన్ పేరుంది. దీంట్లో లేదు. ఇంతకంటే నన్నేం చెప్పమంటావు?"

"నేను సంతకం పెట్టను."

ఎన్నాళ్లుగానో అనాలనుకున్న మాట అది. ఆయన చెయ్యి చాపాడు. కాగితం ఇచ్చాను. జేబులోంచి కలం తీసి నా పేరు కొట్టేసి, తన పేరు రాసి సంతకం చేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వెళ్తూ తలుపు వెయ్యమన్నాడు.

ఆదివారం బస్సెక్కి బత్తిస్తా వాళ్ల ఊరు వెళ్లాను. కొండ మీద బావమరిదితో కలిసి గడ్డి కోస్తున్నాడు. నన్ను చూసి కొడవలి ఆపి, గట్టు మీద కూర్చుని నీళ్లు తాగాడు. ఇజ్మీర్ సంగతి చెప్పాను. తర్వాత, ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ రోజు ఆ గదిలో నేను..." అన్నాను.

"నువ్వు ఊరుకోవడమే మంచిదయింది. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే ఎవరికి లాభం?"

"నన్ను ఓదార్చకు బత్తిస్తా."

"ఓదార్చట్లేదు. నీ మీద కోపం వచ్చింది. ఏప్రిల్ దాకా ఉంది. తర్వాత ఇక్కడ పని ఎక్కువైంది."

ఇద్దరం కాసేపు కింద లోయ వైపు చూస్తూ కూర్చున్నాం.

"నాలుగూ మార్చిన రకమేనా?" అని అడిగాడు.

"అవే."

"అయితే నయం. నేను లేకపోయినా కియూమర్స్ బిగించగలడు. ఒక పని చెయ్యి. ఇరుసు తిరిగే వైపుకి బాణం గుర్తు ఉంటుంది. పెట్టెలో పెట్టేటప్పుడు రెండు రకాలు కలిపేస్తారు. ఎడమవి రెండు, కుడివి రెండు ఉండాలి. కలిశాయంటే అక్కడ ఎవర్నడుగుతాడు వాడు?"

సోమవారం అందరూ రాకముందే గోదాముకి వెళ్లాను. సంతకం పెట్టనన్నదాన్ని, పెట్టెలు విప్పి చూశాను. ఎడమవి మూడు, కుడిది ఒకటే ఉంది. గోదాము మనిషి రాగానే అతనికి చూపించి మార్పించాను. మంగళవారం లారీ వెళ్లింది.

ఆ నెలలోనే నన్ను దేశంలోపలి అమ్మకాల విభాగానికి మార్చమని అడిగాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు చీజు ఫ్యాక్టరీల పంపులకి వాషర్లు అమ్ముతున్నాను. ఫోన్లు చాలా వస్తాయి. అన్నీ ఎత్తుతాను.