పావు వంతు నొక్కినప్పుడు

బళ్ళు బాగుచేసే మేస్త్రి షెడ్డు నుంచి బయటికొచ్చి మొదటి మలుపు తిరిగిందో లేదో, కారు మళ్ళీ అదే పని చేసింది. కాలు కాస్త ఆనించి మెల్లగా వేగం పెంచబోతే, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. ముందుకు ఒక కుదుపు కుదిపింది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు సాగిపోయింది.

టైలరమ్మకు ఒళ్ళు మండింది.

"ఇదిగో! ఇప్పుడు తెలిసిందా?" అంది పక్కనున్న భర్తతో.

"ఏది?" అన్నాడాయన ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆ కారు వయసు పదిహేడేళ్ళు. అక్కయ్య కొత్తది కొనుక్కున్నప్పుడు దాన్ని చెల్లెలి చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్ళుగా టైలరమ్మే నడుపుతోంది. కుట్టిన కర్టెన్లు, సోఫా కవర్లు వెనక సీట్లో వేసుకుని, నలగకుండా, జారకుండా, మెల్లగా వెళ్ళి ఇచ్చి రావడం ఆమె అలవాటు. ఆ బండిలో ఏ మూల ఏ చప్పుడొచ్చినా ఆమెకు తెలుసు. అలాంటిది, రెండు నెలలుగా ఉన్న ఈ రోగాన్ని ఆమె తప్ప ఇంకెవరూ నమ్మడం లేదు.

భర్త నమ్మకపోవడానికి కారణం ఉంది. ఆయన స్టీరింగు ముందు కూర్చుంటే పెడల్ నేలకు అంటాల్సిందే. అలా తొక్కితే బండికి ఏ రోగమూ ఉండదు. ఊరికే ఆగి ఉన్నప్పుడూ ఇంజను నిలకడగానే ఉంటుంది. మెల్లగా, పావు వంతు నొక్కినప్పుడే వస్తుంది తంటా.

"నీ కాల్లో బలం లేదు. గట్టిగా తొక్కు, అదే పోతుంది," అనేవాడాయన.

మేస్త్రి మొదటిసారి ప్లగ్గులు మార్చాడు. "ఇక గుర్రంలా పోతుందమ్మా," అన్నాడు. రెండు రోజులైనా కాకముందే గుర్రం మొరాయించింది. రెండోసారి పెట్రోలు ఫిల్టరు మార్చి, గాలి వెళ్ళే గొట్టాలు కడిగాడు. మూడోసారి రోజంతా ఉంచుకుని, "పది కిలోమీటర్లు నేనే తిప్పానమ్మా, ఒక్కసారి కూడా దగ్గలేదు," అని తాళాలు చేతిలో పెట్టాడు. ఆ తాళాలతో బయల్దేరిన బండే ఇప్పుడు మలుపులో దగ్గింది.

మధ్యలో మరిది ఒకడు. అన్నకు ఫోను చేసినప్పుడల్లా వదినకిమ్మని ఒక సలహా పారేసేవాడు. "వదినా, పెట్రోల్లో నీళ్ళు కలిసుంటాయి, బంకు మార్చు." బంకు మార్చింది. "అయితే క్లచ్చే, సందేహం లేదు."

"నీకు కారు లేకుండానే ఇన్ని తెలుసు నాయనా, ఉంటే ఇంకెన్ని తెలిసేవో!" అని ఫోను భర్త చేతిలో పెట్టేసింది.

ఇప్పుడు మాత్రం ఆమె ఇంటికి పోలేదు. బండిని వెనక్కి తిప్పి, షెడ్డు ముందు నిలిపి, కిటికీలోంచి పిలిచింది.

"మేస్త్రీ, ఎక్కండి."

"మళ్ళీనా అమ్మా? అందులో ఏమీ..."

"నేను నడుపుతాను. మీరు కూర్చోండి. ఏమండీ, మీరు దిగి ఇక్కడ ఉండండి."

మేస్త్రి గుడ్డకు చేతులు తుడుచుకుంటూ, ఇష్టం లేకుండానే ఎక్కాడు. బండి రెండు వీధులు నీళ్ళ మీద పడవలా పోయింది. పెద్దరోడ్డు ఎక్కింది, దిగింది. చిన్న దగ్గు కూడా లేదు. డాక్టరు గదిలో అడుగుపెట్టగానే జ్వరం తగ్గిన పిల్లాడిలా ఉంది దాని వాలకం. మేస్త్రి మర్యాదకు ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ మర్యాద చూస్తే ఆమెకు ఇంకా మండింది.

అప్పుడు తట్టిందామెకు. కోపంలో తను మామూలుగా నొక్కడం లేదు. పళ్ళు బిగించి, కాలూ బిగించి నడుపుతోంది. ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, ఆసుపత్రి వెనక ఖాళీగా ఉన్న రోడ్డులోకి తిప్పింది. పాదం సడలించి, మెల్లగా ఆనించింది.

బండి ఆగినట్టై కుదిపింది.

"గతుకేమోనమ్మా," అన్నాడు మేస్త్రి.

ఆమె బండిని వెనక్కి తిప్పి అదే రోడ్డు మీద మళ్ళీ పోనిచ్చింది. కుదిపింది. ఇంకోసారి. ఇంకోసారి. అయిదోసారికి మేస్త్రి ముందుకు వంగి చెయ్యెత్తాడు.

"ఆగండాగండి. ఎంత నొక్కుతున్నారు?"

"పావు వంతు. అక్కడే వస్తుంది. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే రాదు."

"ప్రతిసారీ అక్కడేనా?"

"రెండు నెలల నుంచీ అదేగా మొత్తుకుంటున్నాను! నా కుట్టుమిషను కూడా ఒకప్పుడు ఇలాగే చేసింది. మోటారు మంచిదే, దారం మంచిదే. పెడల్ విప్పి చూస్తే, నేను రోజూ నొక్కే చోట లోపలి రేకు అరిగిపోయి ఉంది."

మేస్త్రి వంగి ఆమె పాదం వైపు చూశాడు. తర్వాత, "షెడ్డుకు పోనివ్వండమ్మా," అన్నాడు. గొంతు మారింది.

షెడ్డులో బానెట్టు ఎత్తి, బీరువా అడుగు నుంచి పాత ముల్లు మీటరు ఒకటి తీశాడు. ఇంజను పక్కన అగ్గిపెట్టెంత నల్లటి డబ్బాకు దాని తీగలు తగిలించాడు. "మీ కాలు ఎంత నొక్కిందో ఇంజనుకు చెప్పే సెన్సరు ఇదే," అని, పెడల్ తీగ లాగే రేకును వేలితో తిప్పసాగాడు. చాలా మెల్లగా తిప్పాడు. ముల్లు నిదానంగా పైకి లేస్తూ, లేస్తూ, ఒకచోట టపీమని సున్నాకు పడి, మళ్ళీ లేచింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే పడింది.

"లోపల ఆ ఒక్క చోట అరిగిపోయింది," అన్నాడు. "మొన్న దీన్నీ చూశానమ్మా. కానీ గబుక్కున తిప్పేశాను. మెల్లగా నొక్కితేనే వస్తోందని మీరు మొదటి రోజే చెప్పారు. నేను చెవిన పెట్టలేదు."

సంతోషం వస్తుందనుకుంది టైలరమ్మ. రాలేదు. రెండు నెలలు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారే అన్న ఉక్రోషమే వచ్చింది. "సరే, మార్చండి," అని మాత్రం అంది.

"అక్కడే ఎందుకు అరిగింది?" అన్నాడు ఆమె భర్త.

"తొమ్మిదేళ్ళు ఒకే తీరున, మెల్లగా నడిపారు కదండీ. కాలు ఎప్పుడూ ఆ చోటే ఉండేది."

ఆయన కళ్ళు వెలిగాయి. ఏదో అనబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు.

సాయంత్రానికి కొత్త డబ్బా వచ్చింది. బిగించడం పది నిమిషాల పని. ఇంటికి బయల్దేరారు. ఇల్లు ఇంకో నాలుగు వీధుల దూరం ఉందనగా మరిది ఫోను.

"ఆఁ, దొరికిందిరా," అన్నాడాయన హుషారుగా. "సెన్సరు. నేను ముందే అనుకున్నాలే. మీ వదిన కాలే అరగదీసింది దాన్ని!"

ఆమె బండిని రోడ్డు పక్కకు తీసి ఆపింది.

"ఏమైంది? మళ్ళీ వచ్చిందా?"

"రాలేదు. దిగండి."

"ఇక్కడా?"

"ఇక్కడే. మీ కాళ్ళలో బలముందిగా, నడవండి."

ఆయన దిగాడు. ఆమె ఇంటివైపు పోకుండా ఊరి చుట్టూ ఉన్న రోడ్డెక్కింది. పాదం మెల్లగా ఆనించి, ఎప్పటి అలవాటుగా భుజాలు బిగించి కుదుపు కోసం చూసింది. రాలేదు. వేగం తగ్గించి మళ్ళీ ఆనించింది. రాలేదు. ఆరో ఏడో సారికి గాని భుజాలు కిందికి దిగలేదు. ఆ పైన లెక్కపెట్టడం మానేసి, ఊరికే నడిపింది.

ఇంటికి చేరేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంటి తాళం ఆమె దగ్గరే ఉంది మరి.

"ఎలా ఉంది బండి?" అన్నాడు.

"బాగుంది."

"కాళ్ళు నొప్పులు పుడుతున్నాయి."

"పుట్టనివ్వండి," అని ఆమె తలుపు తీసింది.