బుట్టెడన్నం, చిప్పెడు నీళ్లు

చూఫు ఊళ్లో ఇరుకు సందు మొదట్లోనే యూలియాన్ దుకాణం. ఎండిన సొరబుర్రల్ని నిలువునా కోసి, లోపలంతా గీకి, నీళ్లు ముంచుకునే చిప్పలు చేసి అమ్ముతుంది. ప్రతి చిప్ప మీదా కాల్చిన ఇనపపుల్లతో తమ లిపిలో నాలుగే అక్షరాలు రాస్తుంది: బుట్టెడన్నం, చిప్పెడు నీళ్లు. యాత్రికులకు ఆ మాటే కావాలి.

ఎప్పుడో రెండున్నర వేల ఏళ్ల కిందట ఈ సందులోనే, దేశమంతా కొలిచే ఈ ఊరి గురువుగారి ప్రియశిష్యుడు కాపురముండేవాడట. వెదురు బుట్టలో ఇంత అన్నం, సొరచిప్పతో ఇన్ని నీళ్లు. అంతే. ఇంకొకరైతే ఆ లేమికి కుంగిపోయేవాళ్లు, వీడి సంతోషం మాత్రం చెక్కుచెదరలేదని గురువుగారు మురిసిపోయారట. ఆ మెచ్చుకోలే సామెతయి నిలిచింది. యూలియాన్‌కి తెలిసిన కథ అంతవరకే. చిప్పలు అమ్ముకోవడానికి అది సరిపోయేది.

ఆమె భయమంతా కొడుకు గురించే. మొగుడు పోయాక ఒంటిచేత్తో పెంచిన ఒక్కగానొక్క కొడుకు వెన్‌పింగ్, కొండల్లో ఒక బడిలో పంతులు. ఫోను మోగితే ఆమెకి గుండె జారుతుంది, మోగకపోతే ఇంకా జారుతుంది. శరదృతువు పున్నమి పండక్కి వచ్చినప్పుడు చూసింది, ముప్ఫై నిండకుండానే కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. చొక్కా చేతిని నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

"ఆస్పత్రికి పోదాం పదరా."

"ఏం లేదమ్మా, బొగ్గు పొగ. సెలవెలా అడుగుతాను? పాపం, మా బడి పెద్దగారికి ఎన్ని తలనొప్పులో."

చలి ముదిరాక ఒకనాటి పొద్దున నల్లకారొకటి దుకాణం ముందు ఆగింది. బడి పెద్ద క్వాంగ్ గారు దిగారు. యూలియాన్ చేతిలో పుల్ల జారి పడింది. "మా వాడికేమైంది?"

"శుభమే తల్లీ! ఎల్లుండి మీవాడికి సన్మానం. ఈ కాలంలో అలాంటి పంతులు ఉంటాడా చెప్పండి! బాయిలరు గది వెనకే మకాం. తన కూర పిల్లలకి పెట్టి తాను ఆవకూర ఊరగాయతో రొట్టె తింటాడు. మీ దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద చిప్ప మీద ఆ నాలుగక్షరాలూ రాసివ్వండి. మీ చేతిదైతే సభ అదిరిపోతుంది."

సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. "చిప్ప ఊరికే ఇస్తానయ్యా. వాడికి వెచ్చటి గదొకటి ఇప్పించండి. నాలుగు రోజులు సెలవివ్వండి, దగ్గు చూపించుకొస్తాం."

"అతనెప్పుడూ అడగలేదే! అడక్కపోవడమే కదా అతని గొప్ప. మీరడిగారని తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాడు."

చచ్చిపోతాడన్న మాటకి, కిందపడ్డ పుల్ల తీయబోతున్న యూలియాన్ వేలు కాల్చుకున్నంత పని చేసింది. ఇన్నేళ్లూ అడగాలని తోచనిది అప్పుడడిగింది. "అయ్యా, ఆ శిష్యుడు చివరికేమయ్యాడు?"

క్వాంగ్ గారు చదువుకున్న మనిషి. అడిగితే చెప్పకుండా ఉండలేరు. "చిన్నతనంలోనే జుట్టు నెరిసిందంటారు. ఎక్కువకాలం బతకలేదు. గురువుగారు గుండెలు బాదుకుని ఏడ్చారు."

"కన్నవాళ్లో?"

"తండ్రి ఉన్నాడు. శవపేటికని ఉంచడానికి పైపెట్టె చేయించాలి, మీ బండి అమ్మండి అని గురువుగారినడిగాడు. ఆయన ఒప్పుకోలేదు. పెద్దల మధ్య తిరిగే మనిషి నడిచి వెళితే బాగుంటుందా? అది మర్యాదమ్మా."

యూలియాన్ వీధిలోని కారుకేసి చూసింది. "మీ కారులో మావాణ్ణి ఒక్కసారి పెద్దాస్పత్రికి..."

"అయ్యో, సభకొచ్చే పెద్దల్ని స్టేషన్ నుంచి తీసుకురావద్దూ? వాళ్లని మీ చిప్పల బండి ఎక్కించమంటారా?" అంటూ ఆయన హాయిగా నవ్వారు.

సన్మానం నాడు యూలియాన్ పత్తి దుప్పటి కప్పుకుని, తన మూడు చక్రాల కరెంటు బండి నిండా అమ్మకం చిప్పలు వేసుకుని, పెద్ద చిప్ప ఒళ్లో పెట్టుకుని కొండెక్కింది. దారి పొడుగునా ప్రతి మలుపులోనూ కొడుకు శవమే కళ్లముందు కనిపించింది. తూ తూ అని ఉమ్మేసుకుంది.

వేదిక మీద వెన్‌పింగ్ కొత్త కోటులో హేంగరుకి తగిలించిన బట్టలా వేలాడుతున్నాడు. మెడలో ఎర్రపట్టు. క్వాంగ్ గారు పెద్ద చిప్పలో నీళ్లు పోయించి అందించారు. "పాత రోజుల్లోలాగే ఒక గుక్క తాగండి పంతులుగారూ! ఫొటో తీస్తున్నారు."

ఎముకలు కొరికే చలిలో చన్నీళ్లు. వెన్‌పింగ్ నవ్వుతూ తాగాడు. దగ్గు తెర వచ్చింది. చిప్పలోకే వంగి దగ్గాడు. అతను తలెత్తేసరికి చిప్పలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

చప్పట్లు కొట్టేవాళ్లు ఇంకా కొడుతూనే ఉన్నారు, ముందు వరస తప్ప.

"కారు..." అంది యూలియాన్. పెద్దమనుషుల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. క్వాంగ్ గారు తల దించుకున్నారు.

ఆమె రెండోసారి అడగలేదు. బండిలోని చిప్పలన్నీ బడి వాకిట్లో కుమ్మరించి, కొడుకుని ఎక్కించి, దుప్పటి కప్పింది.

"అమ్మా, ఆయనేమనుకుంటారో! సభ మధ్యలో..."

"నోర్ముయ్యరా!"

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటోని వెలుతురుకెత్తి చాలాసేపు చూసింది. "ఆకులు రాలేప్పుడైనా తీసుకురావలసింది," అంది.

సాయంత్రం నర్సు కొర్రజావ తెచ్చింది. వెన్‌పింగ్ రెండు చెంచాలు తాగాడు.

"ఇంకాస్త పొయ్యనా అన్నా?"

"చాలమ్మా," అన్నాడతను, అదే నవ్వుతో.

ఆ మాట యూలియాన్ ఎరగనిది కాదు. చిన్నప్పుడు కొత్త సంవత్సరం నాడు కూర కూరి ఉడికించిన పిండిబుట్టలు పెడుతుంటే వీడు రెండోదానికే "నాకు చాలమ్మా" అనేవాడు. గిన్నెలో ఇంక లేవని ఆమెకి తెలుసు, వాడికీ తెలుసు. "మావాడు బంగారం, ఏదీ అడగడు" అని సందంతా చెప్పుకుని మురిసింది.

"అనకురా ఆ మాట!" మంచం ఊచ పట్టుకుని అరిచింది. పక్క మంచాలవాళ్లు ఇటు తిరిగారు. "ఇంకా కావాలను. దొంగతనం చేసైనా తెస్తాను. నోరు తెరిచి ఒక్కసారి అడగరా నాయనా!"

వెన్‌పింగ్ తల్లి ముఖంలోకి బిత్తరపోయి చూశాడు. ఆమె కోసమైనా అడుగుదామని పెదవులు కదిపాడు. ఏమని అడగాలో అతనికి తోచలేదు. జావ మీద మీగడ కట్టింది.