ర్యాంపు మీద ఉప్పు

ఆర్లీన్ కాళ్లకు పొద్దున్నే తొడిగేవి మామూలు మేజోళ్లు కావు. తుంటి ఆపరేషన్ అయ్యాక కాళ్లు వాయకుండా డాక్టరు రాసిచ్చిన బిగుతు రకం. కారిన్ పట్టు జారకుండా గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుని, నేల మీద కూర్చుని, అత్తగారి మడమ నుంచి మోకాలి దాకా వాటిని కొంచెం కొంచెంగా పైకి లాగుతుంది. అయ్యేసరికి తన నడుం పట్టేస్తుంది. అంతసేపూ ఆర్లీన్ కిటికీలోంచి బయటకే చూస్తుంది. ఆవిడ చెడ్డదేం కాదు. తన కాళ్లు ఇంకొకరి చేతుల్లో ఉండటం చూడటం ఆవిడ వల్ల కాదు, అంతే.

“ర్యాంపు మీద మంచు పేరుకుందేమో చూడమ్మాయ్. పాపం డేల్ ఎంత కష్టపడి కట్టాడో!” అంది ఆ బుధవారం కూడా.

చూడక్కర్లేదు. మిన్నెసోటాలో మార్చి నెలంటే పగలు కరిగిందంతా తెల్లారేసరికి గాజులా గడ్డకడుతుంది. కారిన్ పారతో గీకి, మంచు కరగడానికి బకెట్లోంచి ఉప్పు చల్లి, ఆఫీసుకు బయల్దేరింది.

ఆ ర్యాంపుది పెద్ద చరిత్ర. తల్లి ఆస్పత్రి నుంచి వస్తుందనగా కారిన్ మొగుడు డేల్ ఒక శని, ఆదివారం కూర్చుని, మెట్ల పక్కన చెక్కలతో ఏటవాలు దారిగా కట్టాడు. బాగానే కట్టాడు, కాదనడానికి లేదు. చర్చి బేస్‌మెంటులో భోజనాలప్పుడు ఇప్పటికీ అదే ముచ్చట. “కొడుకంటే అలా ఉండాలి,” అంది పాస్టరు గారి భార్య. ఆ మాట అన్నప్పుడు కారిన్ ఆవిడ పక్కనే, ఓవెన్‌లోంచి తీసిన హాట్‌డిష్ కూర గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ అదే నోటితో, “అది ఆ చివర పెట్టేయమ్మా,” అంది. ఏడాదికోసారి పండక్కి టర్కీ పక్షిని కాల్చినందుకు డేల్‌కి చప్పట్లు. మిగతా రోజులన్నీ ఇంట్లో అన్నం దానంతటదే వండుకుంటుందని కాబోలు అందరి నమ్మకం.

ఆఫీసులో కారిన్ చేతిలో ఉన్నది కౌంటీ, అంటే అక్కడి జిల్లా ప్రభుత్వం, వెబ్‌సైటు సెర్చ్. జనం నాలుగు మాటలు కొడితే, వేల పేజీల్లో ఏది ముందు రావాలో మార్కులు వేసి తేల్చాలి. పాత లెక్కలో మాట ఎంత అరుదైతే దానికి అంత ఎక్కువ మార్కులు. అన్ని పేజీల్లోనూ కనిపించే మాటకు దాదాపు సున్నా. కిందటి శరదృతువులో ఆర్లీన్‌ని తీసుకొచ్చే ముందు కారిన్ కూడా అందులో వెతికింది. అమ్మ, ఇల్లు, ర్యాంపు, సాయం అని కొట్టింది. సరస్సుల్లోకి పడవలు దించే ర్యాంపులు వరసగా వచ్చాయి! అమ్మ, ఇల్లు, సాయం లేని పేజీ ఉండదు కనక వాటిని లెక్కలోకే తీసుకోలేదు. ర్యాంపు అన్న ఒక్క మాటను పదిసార్లు అరిచిన పడవల పేజీలు పైకెక్కి కూర్చున్నాయి. వృద్ధుల ఇళ్లకు కౌంటీయే ర్యాంపు కట్టిస్తుందని చెప్పే పేజీ ఎక్కడో అడుగున పడి ఉంది. ఆ సంగతి ఆమెకు తెలిసింది ఈ పని తన చేతికొచ్చాకే.

ఇప్పుడా లెక్క మార్చింది. అడిగిన మాటల్లో ఎన్ని ఒకేచోట ఉన్నాయో చూసి, అన్నీ ఉన్న పేజీని పైకెత్తడం, ఒక్క మాటే పట్టుకుని ఊగే పేజీకి మార్కులు కోసేయడం. అడిగిన మాటలు దగ్గర దగ్గరగా ఉంటే ఇంకాస్త మార్కులు కలపడం. చెప్పడానికి రెండు ముక్కలే గానీ, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడి, నెలల తరబడి ప్రాణం తీసింది. ఒకరోజు ఆ పాత లెక్కను చూస్తూ చూస్తూ కారిన్ చేతులు ఆగిపోయాయి. ప్రతిచోటా ఉన్నదానికి విలువ లేదు. ఎప్పుడో ఒకసారి కనిపించేదానికే విలువంతా. ఇది ఎవరు రాశారు, మా ఇంటికొచ్చి చూసి రాశారా అనుకుంది. నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

బుధవారం మధ్యాహ్నం మేనేజరు రస్ ఆమె బల్ల దగ్గరకొచ్చాడు. “అదిరిపోయింది కారిన్! రేపు పదింటికి కౌంటీవాళ్లకి దీన్ని మన కోడీ చూపిస్తాడు.”

కోడీ ఆమె పక్క సీటువాడు. నిన్నటిదాకా ఆ లెక్క వైపు తొంగి కూడా చూడలేదు. “కోడీ ఎందుకు?” అంది.

“గురువారాలు నువ్వు మీ అత్తగారిని ఫిజియోకి తీసుకెళ్తావుగా. నిన్ను ఇబ్బంది పెట్టడం దేనికని. నీ మంచికే.”

రేపు ఎవరు చూపిస్తే తర్వాత రాబోయే లైబ్రరీల సెర్చ్ పని వాళ్ల చేతికే వెళ్తుంది, పెద్ద పదవితో సహా. అది రస్‌కీ తెలుసు, కోడీకీ తెలుసు. “నీ మంచికే” అన్న మాట కారిన్ మొదటిసారి వినడం కాదు. పిల్లలు లేరు కనక నీకు తీరికేనని అత్తగారిని ఇంటికి తెచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు అన్నదీ ఆ మాటే.

రాత్రి భోజనాల దగ్గర డేల్‌ని అడిగింది. “రేపు మీ అమ్మని నువ్వు తీసుకెళ్తావా?”

“నేనా? షెడ్డు వదిలేసా?” డేల్ పడవల మోటార్లు బాగుచేస్తాడు. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది, ఒక్క పడవ నీళ్లలో లేదు. “అయినా అమ్మకి నీతోనే అలవాటు. నువ్వైతే చకచకా చేసేస్తావు.”

“ఆ కోడీ అనే కుర్రాడు చూపిస్తున్నాడుగా, నీకెందుకమ్మాయ్ ఆ టెన్షను?” అంది ఆర్లీన్ జాలిగానే.

కారిన్ లేచి కంచాలు తీసింది. పోట్లాడే ఓపిక కూడా మిగలనంతగా అలిసిపోయింది. ఆ అలసట నిద్రపోతే తీరేది కాదని మాత్రం ఆ పూట తెలిసింది.

గురువారం పొద్దున మేజోళ్లు తొడగడం అయ్యాక, గ్లవ్స్ విప్పి రస్‌కి ఫోన్ చేసింది.

“పదింటికి నేనే చూపిస్తాను. కోడీని వచ్చి వినమనండి.”

“మరి మీ అత్తగారో?”

“ఆవిడకి కొడుకున్నాడు.”

వంటింట్లో కాఫీ తాగుతున్న డేల్ తలెత్తాడు. కారిన్ అతని ముందు ఫిజియో చీటీ పెట్టి, ఉప్పు బకెట్ తెచ్చి కాళ్ల దగ్గర దించింది.

“ర్యాంపు మీద నేనింకా ఉప్పు చల్లలేదు. ముందు గీకి, తర్వాత చల్లు. దిగేటప్పుడు మీ అమ్మని ఎడమ పక్కన పట్టుకోవాలి.”

డేల్ బకెట్ వంక, తల్లి వంక చూశాడు. ఆర్లీన్ ఈసారి కిటికీ వైపు చూడటం లేదు, కొడుకు చేతుల వైపే చూస్తోంది. అతను నిట్టూర్చి బకెట్ అందుకున్నాడు.

“సరేలే. ఈ ఒక్కరోజేగా?”

కారిన్ కోటు గుండీలు పెట్టుకుంటూ తలుపు దగ్గర ఆగింది.

“కాదు, ప్రతి గురువారం. ఒక్కరోజే చేస్తే మళ్లీ చర్చిలో నిన్ను మెచ్చుకుంటారు.”